తరుగు

కొండపి వేలంకేంద్రంలో ఈరోజు
నా పదకొండు బేళ్లలో నాలుగు నోబిడ్డు.
కొనేవాడు రెండు వేళ్లతో ఆకు పట్టుకుని
వెలుతురుకెత్తి చూశాడు,
పెదవి కదపకుండా పక్క బేలుకి పోయాడు.
నారుమడి నుంచి ఇక్కడిదాకా ఏడాది.
అతనికి మూడు సెకన్లు.

ట్రాక్టరు బాడుగ ఇచ్చి ఇంటికొచ్చేసరికి
మంచం మీద, ఎగిరిపోకుండా చెంబు బరువు పెట్టి,
నాలుగో తరగతి లెక్కల పేపరు.
ఇరవై అయిదుకి తొమ్మిది.
కింద సువార్త మేడం ముత్యాల్లాంటి రాత:
తండ్రి సంతకం తప్పనిసరి.

దేదీప్య కనపడలా.
ప్రసన్న నోటితో చెప్పకుండా కనుబొమతో చూపించింది:
వరండాలో శనగబస్తాల సందు.
మోకాళ్ల మీద గడ్డం, నోట్లో రబ్బరు ముక్క.
పరీక్షరోజు పొద్దున కడుపునొప్పంది.
బడి బస్సు హారన్ కొడుతుంటే బాత్రూములో ఉంది.
మేం బలవంతాన ఎక్కించాం,
ఇడ్లీ ఆవిడ చేతిలోనే చల్లారింది.

ఆకు కాల్చేటప్పుడు నాకు తెలుసు,
మొదటి రెండురోజులూ వేడి తొందరపెట్టకూడదు,
పచ్చ దానంతటదే దిగి పసుపు తేలాలి.
రాత్రి మూడింటికి బ్యారను కిటికీకి టార్చి ఆనించి
థర్మామీటరు చూసి
ఇంకో నాలుగు కట్టెలు వెయ్యనా వద్దా అని
బీడీ ఆరిపోయేదాకా ఆలోచించేవాణ్ణి.
ఆ మనిషినే
మొన్న ఎక్కాల దగ్గర
పదమూడేడ్లెంత అని మూడుసార్లు అడిగి
నాలుగోసారి పుస్తకం విసిరికొట్టా.
ఆ రాత్రి నిద్రలో పిల్ల గొణిగింది
పదమూడేడ్లు తొంభైయొకటి, పదమూడేడ్లు తొంభైయొకటి...
తప్పు లేకుండా.
వినడానికి మెలకువగా ఉంది నేనొక్కణ్ణే.

పేపరు విప్పి చూశా.
ఆరో ప్రశ్న:
ఒక రైతు దగ్గర ఆరువందల కిలోల శనగలు ఉన్నాయి.
వాటిని పన్నెండు బస్తాల్లో సమానంగా నింపితే
ఒక్కో బస్తాలో ఎన్ని కిలోలు?
ఎవరయ్యా ఈ రైతు?
పురుగు లేదు, తేమ లేదు,
కాటా దగ్గర బొటనవేలు ఆనించే గుమస్తా లేడు.
ఎప్పుడు పంచినా సమానంగానే పంచుతాడు,
అప్పులోళ్లెవరూ అడ్డం రారు.
వాణ్ణి ఒక్కసారి మా ఊరు రమ్మనాలి.

మా అమ్మాయి రాసింది: నలభై తొమ్మిది.
మేడం ఎర్రగీత కొట్టి యాభై అని దిద్దింది.
మొన్న ఇదే వరండాలో
పొదిలి వ్యాపారి బస్తాకు కిలో తరుగు కోసేటప్పుడు
నేను అరుస్తుంటే
ఈ పిల్ల గడప మీద కూర్చుని ఉంది.
విని రాసిందో,
భయానికి వేలొకటి మడవడం మరిచిందో.
అడగాలనుకున్నా.
రెండోదయితే?
అడగలా.

సందులో పక్కన కూలబడ్డా.
గోనె వాసన, ఆమె జుట్టుకి పెట్టిన కొబ్బరినూనె వాసన.
చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలా.
తర్వాత తనే, కళ్లెత్తకుండా:
"నీకెన్నొచ్చినయ్ నాన్నా?"
"పదకొండుకి ఏడమ్మా."
వేళ్లు పావడా కింద కదిలాయి.
దాచుకునే లెక్కపెడతది ఇప్పుడు,
బళ్లో వేళ్లు వాడితే నవ్వుతారంట.
"సగం కంటే ఎక్కువే గదా.
పాసే."

బేళ్ల చీటీల మీద పెట్టిపెట్టి
చెయ్యి ఇంకా వణుకుతానే ఉంది.
సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది,
నోట్లోని రబ్బరు ముక్క తీసి
పావడాకి తుడుచుకుని
జాగ్రత్తగా జామెట్రీ డబ్బాలో పెట్టుకుంది.
రేపు సోషలంట.
లోపల ప్రసన్న అన్నానికి పిలుస్తోంది,
మూడోసారి.