ఎడమ చెవి పాట

ఉలాన్‌బాతర్‌లో పొద్దున్నే ట్రాలీబస్సు ఎక్కితే
టికెట్ కొట్టేది ఓయుంగెరెల్.
కుడి చెవి ప్రయాణికులకి,
ఎడమ చెవి వాక్‌మన్‌కి.
కుడి తీగ ఎప్పుడో తలుపులో పడి తెగింది,
బాగు చేయించలేదు.

చలికి బ్యాటరీలు నీరసిస్తే
కోటు లోపల చంకలో దాస్తుంది,
అప్పుడే పుట్టిన మేకపిల్లల్లా.

ఆ క్యాసెట్లో ఎడమవైపు
డ్రమ్ములు, గిటారు, ఎవరిదో ఒక దగ్గు.
గొంతు మాత్రం కుడివైపు.
నాలుగు చలికాలాలు
ఆ ఖాళీల్లో తనే పాడుకుంది,
మధ్యలో స్టాపుల పేర్లు, చిల్లర లేదన్న మాటా
అన్నీ రాగంలోనే.

నిన్న చెల్లెలు సోలోంగో
కొత్త ఇయర్‌ఫోన్లు తెచ్చింది.
రెండు చెవులా పెట్టుకుని
ఒక్క చరణం వింది.

"ఎవడే వీడు,
నా పాటలో?"

కుడిది పీకేసింది.
టికెట్... టికెట్...