పదహారు సిలిండర్లు

నా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో
పది వేలిముద్రలూ ఉన్నాయి.
ఆ తర్వాత ఎప్పుడూ
నా వేళ్లు అంత శుభ్రంగా లేవు.

గుత్తి డీజిల్ షెడ్డులో కలాసీగా చేరిన పొద్దు
కోట కొండ అప్పటికే పెనంలా కాలుతోంది.
గుప్పెడు కాటన్ వేస్టు చేతిలో పెట్టి
"తుడువప్పా" అన్నారు.
నాలుగేండ్లు తుడిచాను.
తుడిచేవాడికి ఇంజిను లోపలి సంగతి ఎవరూ చెప్పరు.
చెప్పకపోతేనేం,
అది పక్కనే గొణుగుతా ఉంటుంది.

ఒక రాత్రి డ్యూటీలో రత్నస్వామి మేస్త్రీ
కట్టెపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి
మొన ఇంజినుకూ, పిడి నా చెవి ఎముకకూ ఆనించి
"స్పానరు తర్వాత. ముందు విను" అన్నాడు.
విన్నాను.
పదహారు మంది ఒకే రోటి చుట్టూ నిలబడి
వంతులేసుకుని దంచుతున్నట్టుంది.
అందులో ఎవరో ఒకరి పోటు
రవ్వంత ఆలస్యం.

ట్రేడ్ టెస్టులో
గవర్నరు పని ఏమి అని అడిగితే
హైదరాబాదులో ఉంటాడని రాశాడు నా పక్కనోడు.
నేను అదీ రాయలేదు.
రత్నస్వామి నన్ను రెక్క పట్టి
నడుస్తున్న ఇంజిను దగ్గరికి లాక్కుపోయాడు.
"ఏది?"
"పదకొండు."
పిడి తన చెవికి ఆనించుకుని
చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.
తల ఊపాడు.
ఆ ఊపుతో నేను ఫిట్టరునయ్యాను.
ఆ ఆదివారం ఎర్రకారం దోసె మీద
ఫకీర్బీ చేయి తిప్పకుండా నెయ్యి పోసింది.

గ్రేడు మూడు, గ్రేడు రెండు, గ్రేడు ఒకటి.
మా ఉద్యోగంలో
పైకెక్కడమంటే అంకె దిగడం.

ఆపైన సూపర్‌వైజరు కుర్చీ వచ్చింది.
స్పానరు పోయి పెన్ను వస్తుందని భయం.
వద్దని ఇచ్చిన కాగితంలో భయమని లేదు,
"స్వంత కారణాలు" అని ఉంది,
అదీ వేరేవాళ్ల చేతిరాత.

నా దగ్గర నట్టు బిగించడం నేర్చుకున్న చంద్రహాస
నా సెలవుచీటీ మీద సంతకం పెట్టేవాడయ్యాడు.
మంచోడే.
నేను గదిలోకి పోతే లేచి నిలబడేవాడు.
అది ఓర్చుకోలేకనే
నలభైనాలుగో ఏట
కూతుర్ని అడిగి జామెట్రీ బాక్సు తీసుకుని
పరీక్షకు కూర్చున్నాను.

కుర్చీకి అలవాటు పడేలోపు కరెంటు ఇంజన్లొచ్చాయి.
పాఠం చెప్పడానికి పత్తికొండ పిల్ల, ప్రసూన.
"సార్, చెవి పెట్టి లాభం లేదు. తెర మీద చూడాల."
నోటుబుక్కులో రాసుకున్నాను:
చెవి పెట్టి లాభం లేదు.
కింద గీత కూడా గీసుకున్నాను, స్కేలు పెట్టి.

గుంతకల్లు రైల్వే ఆస్పత్రిలో
గాజు గది, చెవులకు డిప్పలు.
"సప్పుడు వినపడగానే మీట నొక్కండి."
మీట మీద వేలుంచి కూర్చున్నాను.
చాలాసేపు కూర్చున్నాను.
డాక్టరమ్మ తలుపు తీసి
"అయిపోయిందండీ" అంది.

షెడ్డులో ఇంకా నాలుగైదు పాత డీజిళ్లున్నాయి.
మొన్న ఒకదానికి మొన ఆనించి,
ఆ కట్టెపిడినే
అప్రెంటిసు ఓబులేసు చెవికి పెట్టాను.
"ఏది?"
"తొమ్మిది, సార్."
పిడి తీసుకుని నా చెవికి ఆనించుకున్నాను.
రోలు లేదు, రోకళ్లు లేవు.
కట్టె వణుకుతోంది, అంతే.
కళ్లు మూసుకున్నాను.
చాలాసేపు.
తల ఊపాను.

మరుసటి రోజు విప్పి చూస్తే తొమ్మిదే.
పిల్లోడు షెడ్డంతా చెప్పుకుని తిరిగాడు.
నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముప్పై ఏండ్ల కింద
ఆ మూసిన కళ్ల వెనక
రత్నస్వామి
విన్నాడా?