సున్నా గీత

ముప్పై ఒక్క ఏళ్లు పోర్టులో
ఆటూ పోటూ రాయడమే నా ఉద్యోగం.
డ్రమ్ముకి చుట్టిన కాగితం, నీలి సిరా ములుకు,
నూతిలో తేలే ఫ్లోటు.
సముద్రం తన సంతకం తనే పెట్టేది,
కింద తేదీ వేసేవాణ్ణి నేను.

చేరిన కొత్తలో మా హెడ్డు పీలా కొండలరావు
గోడలో దిగ్గొట్టిన ఇత్తడి బిళ్ల చూపించి
"ఇది కదలదు. ఏది కొలిచినా దీన్నుంచే" అన్నాడు.
మనిషిలోనూ అలాంటి బిళ్ల ఒకటి ఉంటుందనుకున్నాను.
ఆకలి, అసూయ, బిడ్డ ఏడిస్తే ఉలిక్కిపడ్డం,
ఏ కాలానికైనా అవే,
మారేవి పైన అలలేనని.

ఆదివారాలు తొట్లకొండ ఎక్కేవాణ్ణి.
రాతిలో తొలిచిన తొట్టెలో వాననీళ్లు, అందులో నా మొహం.
ఇక్కడే కొందరు వరసగా కూర్చుని
'నేను' ఎక్కడుందో లోపలంతా వెతికి
లేదని తేల్చుకుని, గిన్నె కడుక్కుని పడుకునేవారు.
దిగి బస్సెక్కితే అరగంటలో భీమిలి.
అక్కడ ఒలందా సమాధి మీద
పేరు, ఊరు, బతికిన ఏళ్లు, నెలలు, ఆఖరికి రోజులు కూడా
లెక్కగట్టి చెక్కించారు.
ఉప్పుగాలి ముందు పేరే తినేసింది.

రిటైరయ్యాక తెలిసింది,
ఆ గోడే కుంగుతోందట,
ఏడాదికి గోరంత.
నీళ్లు లేచాయని నేను రాసినదాంట్లో
కొంత, గోడ దిగిపోవడం.
ఎంత కొంతో చెప్పేవాళ్లు లేరు.

జాలరిపేటలో మైలపల్లి కాసులమ్మ దగ్గర చేపలు కొంటాను.
ఎలా ఉన్నావంటే
"మాం బాగున్నాం బావూ" అనేది.
ఇంట్లో ఉండేది ఒక్కతే.
ఆ 'మాం'లో ఎవరెవరో,
తుఫాన్లో పోయిన మొగుడు, అమ్మేసిన తెప్ప,
వీధిలో కుళాయి దగ్గరి ఆడవాళ్లు, నాకు తెలీదు.
'మనం' కాదు గనక నేను లేనని మాత్రం తెలుసు.

మొన్న మనవరాలు ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే
చాలాసేపు చూసి
"ఈ ముసల్దెవుల్తే?" అంది.
హాస్యమాడుతోందనుకుని నవ్వాను.
ఆమె నవ్వలేదు.

మర్నాడు వెళ్లేసరికి
చేతికి పొలుసులు అంటుకునే ఉన్నాయి,
మణికట్టుతో కొప్పు సర్దుకుంటోంది.
ఎలా ఉన్నావన్నాను.
కాసేపాగి, కొత్త చెప్పులో కాలు పెట్టినట్టు,
"నాను బాగున్నాను" అంది.

సంచిలో కవ్వళ్లు పట్టుకుని నిలబడిపోయాను.
చెయ్యి అలవాటుగా పెన్ను కోసం జేబు తడిమింది.
లేచిందని రాయాలా,
దిగిందని రాయాలా?