కట్టకు డెబ్భై

ప్రాణహితకు ఆ గట్టున కట్టకు యాభై ఆకులు.
ఈ గట్టున డెబ్భై.
ఒకటే అడవి, ఒకటే తునికాకు,
మధ్యన మొలలోతు నీళ్ళు, రెండు సర్కార్లు.
ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే
ప్రభువు డెబ్భై నుంచే లెక్క మొదలుపెట్టాడు గదా,
ఆయన మన గట్టు మనిషే అంటుంది
మా అమ్మ రిబ్కమ్మ.

మే నెల. కోడి కూయకముందే
సద్దిగిన్నె, సొరకాయబుర్ర నిండా నీళ్ళు,
అడవి అంచున గొంతెత్తి ఒక ప్రార్థన.
ప్రభువుకు మెల్లగా చెప్పినా వినబడుతుందట.
ఎలుగుబంటికే చెవుడు.

పొద్దెక్కేసరికి మోపుతో తిరిగొచ్చి
వసారాలో కాళ్ళు చాపుకొని కట్టలు కడుతుంది.
ఎడమచెయ్యి ఆకుల్ని ఒద్దికగా పట్టుకోవాలి,
కుడిచెయ్యి నార చుట్టి బిగించాలి.
ఒంటిచేత్తో కట్టిన కట్ట
కల్లం చేరకముందే విచ్చిపోతుంది.

ఆ ఏడు కల్లంలో చిట్ఠా రాసింది నేనే.
మరాఠీ అక్షరం గుండ్రంగా రాస్తానని
ముంశీ నన్ను గోనెపట్టా మీద కూర్చోబెట్టాడు.
మధ్యాహ్నం ఇంట్లో నేను లెక్కపెట్టిన కట్టలు నూటనలభై.
సాయంత్రం అమ్మ పేరు ముందు నేనే రాసినవి నూటపది.
మర్నాడూ అంతే.
ఆ మర్నాడు ఇంకో పది తక్కువ.

మల్లుబాయి పేరు ముందు మాత్రం
రోజూ ముప్పై, ఒకరోజు నలభై.
చలిజ్వరంతో వారంగా మంచం దిగని మనిషి.
ఆమె కోసం అడవే నడిచొచ్చిందా?
మేం గుడికి పోవడం మొదలుపెట్టిన నాటి నుంచీ
బోరింగు కాడ మా బిందె తగిలితే
తన బిందె మూడుసార్లు తోమే మల్లుబాయి!

రాత్రి అడిగేశాను.
నర్సింగు ఫారానికి జూన్ పదిలోపు డబ్బు కట్టాలని
నీకు తెలుసు గదా అన్నాను.
తెలుసు, అంది.
మరి ఈ ముప్పై కట్టలు రోజూ ఎటు పోతున్నాయి?
పొయ్యి ఊదడం ఆపలేదు.
"నీ లెక్క తప్పింది బిడ్డా."
అమ్మ అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే.

ఆదివారం కానుకల సంచి వరస వెంట వచ్చింది.
కాంట్రాక్టరు గమలీయేలు ఐదొందల నోటు వేశాడు,
మడవకుండా.
అమ్మ పది రూపాయలు వేసింది,
నాలుగు మడతలు పెట్టి.
పాస్టరయ్య చదువుతున్నాడు,
నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని.
నేను అమ్మ చేతులు చూశాను.
ఆకుపసరుకు రెండూ ఒకే నలుపు.
ఎట్లా తెలియకుండా ఉంటుంది?
ఆకులు పట్టుకున్నదే అది గదా.

అప్పుడు తట్టింది.
ఎడమచెయ్యి నేను.
రోజూ ఆమె పక్కన కూర్చుని
ఆకులు సర్ది, డెబ్భై లెక్కపెట్టి అందిస్తున్నదాన్ని,
తెలియకూడనిది నాకే.
మిగతా ప్రసంగం వినలేదు.
కోపం పోలేదు కూడా. నిజం చెప్పాలి.
ఇంటికొచ్చి ఫారాన్ని పెట్టె అడుగుకు తోసేటప్పుడు
ఏడ్చాను.

సోమవారం ముంశీ చిట్ఠా మీద వేలు పెట్టాడు.
"మల్లుబాయికి జ్వరమంటివి. ఈ పుడాలు ఎవరివి?"
మా అమ్మవి, అంటే చాలు.
కొట్టేసి పైవరసలో రాస్తే చాలు,
ఆ ఏడే పోయేదాన్ని.
వరసలో కూలికోసం నిలబడ్డ అమ్మ
కొంగుతో చెమట తుడుచుకుంటోంది,
నా వైపు చూడటం లేదు.
"ఆమెవే. లెక్క బరాబర్" అన్నాను.
నా మొదటి అబద్ధం అట్లా అమ్మ పోలిక.

ఫారం మరుసటేడు కట్టాను,
తునికాకు బోనసు వచ్చాక.
మల్లుబాయి లేచి తిరుగుతోంది.
ఎవరు చేశారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.
ఏదో తెలిసినట్టే ఉంటుంది.
బోరింగు కాడ మా బిందె తగిలితే
ఇప్పటికీ తన బిందె తోముతుంది.
రెండుసార్లే.