పెంకు మందం

నేను మొగిలిని.
తాడి చెట్టెక్కుడు మా తాతల నాటి పని.
నల్లమద్ది ఎక్కుడు మాత్రం
తబస్సుమ్ మేడమ్ పెట్టిన పని.

హన్మకొండ నుంచి జీపుల అచ్చి
పాకాల కట్ట మీద నిలబడి అడిగింది:
"ఆ కొమ్మ దాంక పోతవా?"
మోకు ఏసుకున్న, ముత్తాదు బిగిచ్చిన.
కల్లు రాని చెట్టు ఎందుకెక్కుతున్నవ్ రా అని
కిందికెల్లి మావోళ్లు ఒకటే నవ్వుడు.

పైన చేపలగద్ద గూడు, మంచమంత.
పుల్లలు, పచ్చాకు, ఎండిన కొర్రమీను తల,
యూరియా సంచి దారం.
నడుమ రెండు గుడ్లు.
ఒకటి అప్పటికే సొట్టబోయింది
తల్లి బరువుకే.

తల్లి బరువుకే!
గా మాట మేడమ్ రెండుసార్లన్నది,
నోట్‌బుక్కుల ఒక్కసారే రాసింది.

పెంకు ముక్కల్ని దూదిల సుట్టి
అగ్గిపెట్టెల పెట్టి మూసేది.
రాత్రి అడివి బంగ్లాల, కందిలి ముంగట,
ఇనుప కొలత నోట్లె ముక్క పట్టి
ఊపిరి బిగవట్టి సూసేది.
ఎంటికంత తేడా.
ఎంటిక కోసం ఇరవయ్యారేండ్లు.

నాకు ఆమె చెప్పిన లెక్క ఇది:
చేన్ల కొట్టిన మందు వానకు వాగుల పడతది,
వాగు చెరువుల పడతది.
నాచును పరకలు తింటయ్,
పరకల్ని కొర్రమీను, కొర్రమీనును గద్ద.
నడుమ ఎవ్వరూ సావరు.
బాకీ అంత పోయి గుడ్డు మీద తేలుతది.

పట్నంల మీటింగు పెట్టిండ్రట.
"గద్దలు తక్కువైతే మా కోడిపిల్లలు బతుకుతయ్ గద మేడమ్"
అన్నడట ఒక పెద్దాయన. అందరూ నవ్విండ్రట.
తిరిగచ్చి నాతోని చెప్పుకుంట తనూ నవ్వింది.
జర సేపటికి కండ్లద్దాలు తీసి
కొంగుతోని తుడుసుకుంట కూసున్నది,
అవి ఎప్పుడో తెల్లగైనా గూడ.

ఇగ నా సంగతి.
నా చెలక వాగు ఒడ్డుకే. మూడెకరాల పత్తి.
ఏం మందు కొడుతున్నరని ఊరందర్నీ అడిగింది,
నన్ను గూడ.
"యాపనూనె మేడమ్" అన్న.
రాసుకున్నది.
పొద్దుగూకినంక పంపుడబ్బా వాగుల కడిగేది నేనే.
నీళ్లు పాల లెక్క తెల్లగయ్యేటియి.
తెల్లారి అదే చేతుల్తోని
ఆమె కోసం చెట్టెక్కేది.

ఆమె నౌకరి అయిపోయిన నాడు
సుబేదారి ఆఫీసుల సొరుగులు ఖాళీ చేస్తున్నం.
అగ్గిపెట్టెలు లెక్కవెడితే రెండువందల పన్నెండు.
ఒకటి తీసి ఊపిన.
లోపట ఇసుక లెక్క సప్పుడు.
ఇగ ఆగలేదు నా నోరు. అంతా చెప్పిన.

ఆమె ఏం అనలే.
అలమారి అడుగుకెల్లి ఒక గుడ్డసంచి తీసింది.
మన్ను. మీద చీటి:
పదిహేడో నంబరు, వాగు ఒడ్డు, మూడెకరాలు.
తారీఖు సూస్తే నా కొలువుకు మూడో ఏడు.

"ఎరికుండి గూడ ఎందుకడగలే మేడమ్?"
"అడిగితే చెట్టెవరెక్కుతరు మొగిలీ?"

నవ్విందో, ఇంకేమన్ననో
నాకు ఇప్పటికీ సమజ్ కాలే.

పత్తి బంజేసిన. మక్క ఏస్తున్న.
మక్కకు సుత మందు కొడుతున్న, అబద్ధమెందుకు.
డబ్బా మాత్రం వాగుల కడుగుత లేను.
గంతే నా పుణ్యం.

మొన్న మాఘంల బస్సెక్కి అచ్చింది,
జీపు లేదు గద ఇప్పుడు.
"ఊకెనే సూసిపోదం" అన్నది.
నా మోకాళ్లు మునుపటివి కావు,
ఆమె కండ్లు మునుపటివి కావు.
ఎక్కిన. ఒకటే గుడ్డు. ముట్టలే.
దిగి కట్ట మీదికి అచ్చేసరికి
చేపలగద్ద తిరిగచ్చింది.

గూటి అంచు మీద వాలింది.
గోర్లు లోపలికి ముడుసుకొని
ఒక్కో అడుగు ఏసుకుంట పోయింది.
గుడ్డు మీద ఒక్కసారే కూలవడలే.
ఎడమకు జర, కుడికి జర,
రొమ్ము ఈకలు ఇప్పి
బరువు కొంచెం కొంచెం దించుకుంట...

మేడమ్ నా ముంజెయ్యి పట్టుకున్నది.
నీళ్ల కోడి ఒకటి ఎక్కన్నో అరిసి ఆగింది.
ఇద్దరం ఇంటున్నం.