ఊట

రెండు నిలువుల ఎర్రమట్టి కట్ట.
మా మామ అమ్మిన ఎనుముల జత,
నా మెడలో గుండ్లు,
జేసీబీకి గంటకు వెయ్యిన్నూరు,
అన్నీ కలిసి వంకకు అడ్డం పండుకున్నాయి.

నడిమధ్యన నల్లరేగడి పోసినాం,
బెళుగుప్ప పక్క నుంచి పద్దెనిమిది ట్రాక్టర్లు.
రోలరుకు దుడ్లు లేక
కంబన్న గొర్రెల్ని మూడు దినాలు తొక్కించినాం.
ఇప్పటికీ చినుకు పడితే
కట్టంతా పిక్కల వాసన.

స్వాతి కార్తెలో ఒక్క రాత్రి కురిసింది.
తెల్లారేసరికి మరవ దాకా నీళ్లు.
వారానికి, కట్ట వెనక పక్క
తంగేడు మొదట్లో తడి.
ఎండ్రకాయ బొక్కో, ఎలుక బొక్కో.

"బంకమట్టి కూరు" అన్నాడు మా ఆయన.
గంపెత్తుకొని పోతే
కింద తన బావి గట్టున వన్నూరప్ప.
ఎనిమిదేండ్లు పావురాలు కాపురమున్న బావి.
"వదినా, అడుగున ఆకాశం అగపడతాంది" అన్నాడు.
కట్ట మాట ఎత్తలేదు.

గంప దించినా.
ఇంటికొచ్చి, కూరినా అని చెప్పినా.

అప్పట్నుంచి దినామూ పొద్దున్నే
టీ గ్లాసులో ఊట పట్టి
ఎండకెత్తి చూస్తా.
తేటగా ఉంటే పోతాండేది నీళ్లే.
ఎర్రబడితే పోతాండేది కట్ట.

గంప తంగేడు కిందనే ఉంది,
మట్టి ఆరకుండా తడి గోనె కప్పినా.

ఈ పొద్దు గ్లాసు అడుగున
గోరంత ఎరుపు.
ఊటదో, నా చేతిదో.

కింద, ఎనిమిదేండ్ల తుప్పు దగ్గి దగ్గి
వన్నూరప్ప మోటరు ఎత్తుకునింది.

గ్లాసు కడిగి
మళ్లా పట్టినా.