గడువు ఉన్నదేదైనా

తార్తులో డిసెంబరు. మూడున్నరకే
కిటికీలో నా ముఖం నాకు కనిపిస్తుంది.
ఆసుపత్రి అడుగంతస్తులో మూడు శీతల గదులు:
రక్తం, టీకాలు,
చివరి చిన్నదాంట్లో తల్లులిచ్చిపోయిన పాలు.

మూడింటికీ మూడు ప్రోగ్రాములు రాసి వెళ్ళాడు ఉర్మాస్.
ఏ ఎండకా గొడుగు.
రక్తం లెక్కలో తప్పు దిద్దితే
అదే తప్పు పాల లెక్కలో పళ్ళికిలించేది.

అంతకుముందు ఒకే డబ్బా ఉండేదట,
ఏదైనా వేసుకో,
తీసేటప్పుడు మాత్రం ఏం తీశావో నువ్వే చెప్పాలి.
ఒక రాత్రి అది టీకా పేరు చెప్పి పాలసీసా అందించింది.
ఎవరికీ ఏమీ కాలేదు, నర్సు వాయికె చూసింది కాబట్టి.
ఇప్పటికీ మేం కనిపిస్తే చాలు
చేతిలోది వెలుతురుకెత్తి చూస్తుంది.

ఈ వారం నేనొక మాట రాశాను.
మాటే, పని కాదు. ఇంటర్‌ఫేస్ అంటే అంతే కదా,
చేతులు లేని ఒప్పందం:
దాచు. తియ్యి. ముందు గడువు తీరేదేదో చూపించు.
దేన్ని, అన్న చోట ఒక్క అక్షరం: టి.

మా భాషలో అతనికీ ఆమెకీ ఒకటే మాట, తెమ.
వచ్చేదెవరో తెలియకుండానే తలుపు తియ్యొచ్చు.
టి కూడా అలాంటిదే,
కాకపోతే లోపలికొచ్చాక పేరు మార్చుకోనివ్వదు.
రక్తమని చెప్పి తెరిచిన గదిలో
పాలసీసా పెట్టబోయాను, కావాలనే.
కంపైలర్ ఎర్రగీత గీసింది.
అర్ధరాత్రి కాదు, నర్సు ముందు కాదు,
నా బల్ల దగ్గరే, కాఫీ చల్లారకముందే.
ఇంత మర్యాదగా నన్నెవరూ తప్పు పట్టలేదు.

ఏదైనా రావచ్చంటే
కుర్చీ కూడా వచ్చి కూర్చుంటుంది.
అందుకని చివర షరతు చేర్చాను:
టి ఏదైనా సరే, గడువు తేదీ ఉండాలి.

వాయికె నా భుజం మీదుగా చదివింది.
కోడ్ రాదామెకు. చదవడం వచ్చు.
"అయితే నేనూ పడతానే ఇందులో."
మార్చిలో రిటైరవుతోంది, అదే అనుకున్నాను.

తర్వాత పాలగదిలోకి పిలిచి ఒక సీసా చూపించింది.
గడువు పక్కన పెన్సిల్‌తో, మిర్తెల్.
"ఈ పాప లేదు. పాలు మాత్రం వచ్చాయి, ఇచ్చిపోయింది తల్లి.
ఇదెక్కడ పెడతావు?"

వెతికాను. ఒప్పందంలో చోటు లేదు.
రక్తానికీ టీకాకీ అడగలేని మాట అది,
ముగ్గురిచేతా ప్రమాణం చేయించలేను.
పాలకొక్కదానికే, పక్కన, విడిగా ఒక గడి కట్టాను.

ఖాళీగా వదిలినా ప్రోగ్రాం నడుస్తుంది.
వాయికె ఒక్కటీ వదల్లేదు.